ఊరి నెట్‌వర్కుకి అందరూ రాసే పుస్తకం: ఎలా తయారు చేయాలి

నలుగురు కలిసి మేడలమీద రౌటర్లు బిగించి, ఒక కనెక్షన్‌ని ఇంటింటికీ పంచుకునే నెట్‌వర్కు కట్టడం ఇప్పుడు మునుపటంత కష్టం కాదు. రౌటర్లలో ఎక్కించుకోవడానికి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ, లిబ్రెమెష్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. వారం రోజుల్లో పది ఇళ్ళకి నెట్ వస్తుంది. కష్టమంతా ఆ తర్వాతే. కట్టిన కుర్రాడు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళిపోతాడు. పాస్‌వర్డులు, ఏ రౌటర్ ఎటు చూస్తోంది, ఏ అడాప్టర్ దేనిది అన్నవన్నీ అతనితోనే వెళ్ళిపోతాయి. ఒక వానాకాలం గడిచేసరికి డబ్బాలు మేడమీదే ఉంటాయి, నెట్ మాత్రం ఉండదు.

దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్‌లో మంకోసి అనే పల్లెవాళ్ళు సహకార సంఘంగా నడుపుకునే నెట్‌వర్కు పేరు జెంజెలేని. ఖోసా భాషలో ఆ మాటకి ‘మీరే చేసుకోండి’ అని అర్థం. అందులో ఉన్నది ‘మీరు’, ‘నువ్వు’ కాదు. నెట్‌వర్కు గురించిన రాత కూడా పదిమందిదీ అయితేనే పదిమందికీ పనికొస్తుంది. అలాంటి రాత ఎలా తయారు చేయాలో వరసగా చూద్దాం. పది నుంచి ముప్ఫై నోడుల (అంటే రౌటర్ బిగించిన చోట్ల) ఊరి నెట్‌వర్కుని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం.

1. ఎవరు చదువుతారో ముందు తేల్చుకోండి

అన్నీ ఒకే పుస్తకంలో కుక్కితే ఎవరూ తెరవరు. మీ రాత చదివేవాళ్ళు మూడు రకాలు. నోడు ఉన్న ఇంటివాళ్ళకి కావలసింది ఒక్క కాగితం: నెట్ పోతే ఏం చూడాలి, ఏది ముట్టుకోకూడదు, ఎవరికి చెప్పాలి. నిచ్చెన ఎక్కి బాగుచేసేవాళ్ళకి కొలతలు, ఐపీలు (ఒక్కో రౌటర్‌కి ఉండే అంకెల చిరునామాలు), వోల్టులు, స్క్రూ సైజులతో సహా అన్నీ కావాలి. డబ్బులు, నిర్ణయాలు చూసుకునే సంఘానికి మూడో పుస్తకం. అందులో ఖర్చులు, కనెక్షన్ ఎవరి పేరున ఉంది, దాన్ని పంచుకోవడానికి కంపెనీతో ఒప్పందం ఏం ఒప్పుకుంటుంది, పీఎం-వాణి అనే కేంద్ర ప్రభుత్వ పబ్లిక్ వైఫై పథకం కింద నడుపుతుంటే ఆ కాగితాలు ఎక్కడున్నాయి అన్నవి ఉంటాయి. మూడు రాతలూ మూడు చోట్ల ఉంచండి, కానీ నోడు పేర్లు మాత్రం మూడింటిలోనూ ఒక్కటే ఉండాలి. ఇంటి కాగితంలో ‘సీతమ్మగారి మేడ’ అనీ, బాగుచేసేవాళ్ళ పుస్తకంలో ‘నోడ్ 07’ అనీ ఉంటే ఫోన్‌లో మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాట ఒకరికి అందదు. ఊళ్ళో జనం ఆ చోటుని ఏమని పిలుస్తారో అదే నోడు పేరు కావాలి: ‘చెరువుగట్టు’, ‘బడి మేడ’, ‘రాములోరి వీధి’.

2. తెలిసినవాళ్ళు చెప్పాలి, తెలియనివాళ్ళు రాయాలి

మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇది. పని బాగా వచ్చినవాళ్ళు రాస్తే మధ్యలో మెట్లు ఎగిరిపోతాయి. ‘రౌటర్‌కి ఫర్మ్‌వేర్ ఎక్కించండి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు (ఫర్మ్‌వేర్ అంటే రౌటర్‌ని లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్). దానికి ముందు కేబుల్ ఏ రంధ్రంలో పెట్టాలి, ల్యాప్‌టాప్‌లో వైఫై ఎందుకు ఆపాలి, రౌటర్ పేజీ తెరిచే 192.168.1.1 అనే చిరునామా ఎక్కడ కొట్టాలి అన్నవి వాళ్ళకి మెట్లుగానే కనిపించవు. చేతికి అలవాటైపోయాయి.

కాబట్టి నలుగురైదుగురు కూర్చోండి. ఇలా ఒకసారి కూర్చోవడాన్ని ‘కూర్పు’ అందాం. పని తెలిసినవారు నోటితో చెబుతారు, చేత్తో చేయరు. కీబోర్డు, కేబుల్ చివర కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూలు రెండూ కొత్తవారి చేతిలో ఉంటాయి. మూడోవారు జరిగింది జరిగినట్టు రాస్తారు: ఏం అన్నారు, ఏం చేశారు, తెరమీద ఏం కనిపించింది, ఎక్కడ ఆగారు. కొత్తవారు ‘ఇదేంటి?’ అని అడిగిన ప్రతి ప్రశ్నా పుస్తకంలో ఒక వాక్యమవుతుంది. ఒక కూర్పుకి ఒకే పని పెట్టుకోండి, రెండు గంటలు మించనివ్వకండి. ఒక రౌటర్‌కి ఫర్మ్‌వేర్ మార్చడం ఒక కూర్పు. ఒక కేబుల్ తయారుచేయడం ఇంకొకటి.

పని తెలిసినవారికి చెయ్యి ఆగదు. ‘ఇలా ఇవ్వమ్మా, నేను చేసి చూపిస్తా’ అంటూ లాక్కుంటారు. అక్కడితో ఆ కూర్పు పాడైనట్టే. రాసేవారికి ఆపే అధికారం ఉంటుందని ముందే చెప్పుకోండి.

ఇక రాసేదెవరు? ఊళ్ళో రాత పని నిక్కచ్చిగా చేసేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. డ్వాక్రా సంఘాల్లో పుస్తకాలు రాసే ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి హాజరు, తీర్మానం, పొదుపు, అప్పు, కిస్తీ ఒక్క అంకె తప్పకుండా రాస్తున్నారు. నెట్‌వర్కు రాతకి వాళ్ళకంటే తగినవాళ్ళు దొరకరు. వాళ్ళని పిలవాలంటే కూర్పు వేళ వాళ్ళకి కుదరాలి. రాత్రి తొమ్మిదింటికి ఎవరి మేడమీదో పెడితే వచ్చేది మగపిల్లలే. సంఘం మీటింగ్ ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో కనుక్కుని, అది అయిపోగానే అక్కడే పెట్టండి. రాసినందుకు మేస్త్రీకి ఇచ్చినట్టే కూలీ ఇవ్వండి. రాత పని ఉచితం, నిచ్చెన పనికి డబ్బు అనే తేడా మొదలైతే మొదట ఆగిపోయేది రాతే.

3. మాట ఎలా ఉండాలి

‘రౌటర్’ని ‘మార్గనిర్దేశకం’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ఊళ్ళో ఎవరూ అలా అనరు. రౌటర్, కేబుల్, ప్లగ్, లైటు, సిగ్నల్, పాస్‌వర్డ్ అన్నవి ఇప్పటికే తెలుగు మాటలైపోయాయి. కొత్తగా వచ్చే మాటలకి మొదటిసారి రాసినచోటే ఒక వాక్యం ఇవ్వండి. ‘నోడు అంటే మేడమీది రౌటర్, దాని అడాప్టర్, కేబుల్, అన్నీ కలిపి ఒక చోటు’ అంటే సరిపోతుంది. రౌటర్ తెరమీద ఇంగ్లీషులో ఉన్న మాటని మాత్రం అనువదించకండి. తెరమీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా రాసి, పక్కనే తెలుగు లిపిలో అది ఎలా పలుకుతుందో రాయండి. ఫోన్‌లో ‘ఏ బటన్ కనిపిస్తోంది?’ అని అడిగినప్పుడు పలకడానికి అదే ఉపయోగపడుతుంది.

ఒక ఇంటి కాగితం దగ్గరగా చూద్దాం. సాధారణంగా ఇలా రాస్తారు: ‘నోడ్ డౌన్ అయినచో పీఓఈ తనిఖీ చేసి రీబూట్ చేయవలెను. సమస్య పరిష్కారం కానిచో అడ్మిన్‌ను సంప్రదించగలరు.’ ఇది చదివిన అవ్వ కాగితం మడిచి లోపల పెట్టేస్తుంది. అదే విషయం ఇలా రాయొచ్చు:

నెట్ రావట్లేదా?
తలుపు పక్కన గోడకి ఉన్న తెల్ల డబ్బా చూడండి. దానిమీద లైటు వెలుగుతోందా?
వెలగకపోతే, ఇంట్లో కరెంటు ఉందో లేదో చూడండి. ఉంటే ప్లగ్ తీసి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టండి.
లైటు వెలిగాక 5 నిమిషాలు ఆగండి. ఈలోగా మళ్ళీ తీయొద్దు.
డబ్బాలకున్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చొద్దు. సెట్టింగులన్నీ పోతాయి.
అప్పటికీ రాకపోతే ఫోన్ చేయండి. ‘లైటే లేదు’ అనో ‘లైటుంది, నెట్ లేదు’ అనో చెబితే చాలు.

చివరి వాక్యమే ఇందులో అసలు పని చేస్తుంది. ‘లైటే లేదు’ అంటే కరెంటో అడాప్టరో అయి ఉంటుంది, కొత్త అడాప్టర్ పట్టుకుని వెళ్ళొచ్చు. ‘లైటుంది, నెట్ లేదు’ అంటే మేడమీది రౌటరో, దానికి ఎదురుగా ఉన్న నోడో, కనెక్షనో, కాబట్టి ముందు పక్కింటివాళ్ళకి వస్తోందా అని అడగాలి. చదువు రానివాళ్ళు కూడా ఆ రెండు మాటల్లో ఒకటి చెప్పగలరు. సగం వెతుకులాట అక్కడే తీరిపోతుంది.

నిమిషాలు రాయడం మరిచిపోకండి. 5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని ఛానెళ్ళలో రౌటర్ ముందు రాడార్ ఏమైనా ఉందా అని కనీసం ఒక నిమిషం విని, ఆ తర్వాతే సిగ్నల్ వదులుతుంది. ఈ సంగతి కాగితంలో లేకపోతే ఇంటివాళ్ళు అర నిమిషానికోసారి ప్లగ్ పీకి పెడుతూ ఉంటారు, అది ఎప్పటికీ లేవదు. ఫర్మ్‌వేర్ ఎక్కించాక మొదటిసారి లేవడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. మధ్యలో కరెంటు తీస్తే రౌటర్ చచ్చిపోవచ్చు కూడా.

‘చాలా సులభం’, ‘ఊరికే ఇలా నొక్కితే చాలు’, ‘అందరికీ తెలిసిందే’ అనే మాటలు కొట్టేయండి. రానివాళ్ళు వాటిని చదివి తప్పు తమదే అనుకుని అడగడం మానేస్తారు. ‘అతను నిచ్చెన ఎక్కి’, ‘ఆమె కింద పట్టుకుని’ అని కూడా రాయకండి. ‘ఒకరు ఎక్కండి, ఒకరు పట్టుకోండి’ అనండి.

4. రంగు మీద ఆధారపడకండి

కేబుల్ చివర ఆర్‌జే-45 కనెక్టర్ వేసేటప్పుడు ఎనిమిది తీగల వరస తప్పకూడదు. కొందరికి, ముఖ్యంగా మగవాళ్ళలో కొందరికి, ఆకుపచ్చ, గోధుమ, నారింజ రంగులు ఒకలాగే కనిపిస్తాయి. చాలామంది ఆ సంగతి బయటికి చెప్పరు. అందుకే రంగు బొమ్మ ఒక్కటే ఇవ్వకుండా అంకెలతో, మాటలతో కూడా రాయండి: 1 చారల నారింజ, 2 నిండు నారింజ, 3 చారల ఆకుపచ్చ, 4 నిండు నీలం, 5 చారల నీలం, 6 నిండు ఆకుపచ్చ, 7 చారల గోధుమ, 8 నిండు గోధుమ. కనెక్టర్ క్లిప్పు కిందికి, బంగారు రంగు పళ్ళు పైకి, కేబుల్ మీవైపు ఉండేలా పట్టుకుంటే ఎడమవైపుది 1. జతలు విడదీయగానే ఎవరైనా ఒకరు ప్రతి తీగకీ అంకె వేసిన టేపు ముక్క చుట్టాలని కూడా మెట్టుగా రాయండి. కేబుల్ టెస్టర్ లైట్లని ‘పచ్చగా వెలిగితే’ అనకుండా ‘1 నుంచి 8 దాకా రెండువైపులా అదే వరసలో వెలిగితే’ అనండి.

సిగ్నల్ అంకెల దగ్గరా ఇలాంటి చిక్కే ఉంది. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. మైనస్ 60 డీబీఎం మంచిది, మైనస్ 75 బలహీనం. చూసేవాళ్ళకి 75 పెద్ద అంకె కాబట్టి అదే మేలనిపిస్తుంది. ‘మైనస్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. 65 లోపు ఉంటే బిగించండి, 75 దాటితే దిశ మార్చండి’ అని రాస్తే గందరగోళం ఉండదు.

5. నోడు దగ్గరే ఒక చీటీ

పుస్తకం ఎక్కడున్నా, ప్రతి నోడు దగ్గరా అరచేయంత చీటీ ఒకటి ఉండాలి. అందులో నోడు పేరు, బిగించిన తేదీ, ఏ నోడు వైపు చూస్తోంది, ఆ దిక్కున కనిపించే గుర్తు (‘నీళ్ళ ట్యాంకుకి కొంచెం ఎడమగా’), ఐపీ, బిగించిన రోజు సిగ్నల్ ఎంత, అడాప్టర్ ఎన్ని వోల్టులు అని రాయండి. పాస్‌వర్డు మాత్రం రాయకండి.

వోల్టుల సంగతి ఎంత చెప్పినా తక్కువే. మేడమీది రౌటర్లకి కేబుల్ లోంచే కరెంటు పంపే అడాప్టర్లు కొన్ని 24 వోల్టులవి, కొన్ని 48 వోల్టులవి. బయటికి రెండూ ఒకలాంటి డబ్బాలే. 24 వోల్టుల రౌటర్‌కి అది ఎన్ని వోల్టులదో చూసుకోకుండా నేరుగా కరెంటు పంపేసే రకం 48 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే కాలిపోతుంది. చీటీలో రాయడంతో పాటు అడాప్టర్ మీదా, రౌటర్ అడుగునా చెరగని మార్కర్‌తో పెద్ద అంకె వేయండి.

బిగించకముందే రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్‌కి ఫొటో తీసి పుస్తకంలో పెట్టండి. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు వెర్షన్లు వస్తాయి, వాటి ఫర్మ్‌వేర్లు వేరు. తప్పు వెర్షన్‌ది ఎక్కిస్తే రౌటర్ పనికిరాకుండా పోవచ్చు. ఒకసారి స్తంభం ఎక్కాక ఆ స్టిక్కర్ ఎవరికీ కనిపించదు.

బాల్‌పెన్ రాత, ఇంక్‌జెట్ ప్రింటు ఎండకి వెలిసిపోతాయి. జిరాక్స్ తీయించి లామినేషన్ చేయించండి, అంచులు అర సెంటీమీటర్ వదిలి కత్తిరించండి. అంచు దాకా కత్తిరిస్తే వాన నీళ్ళు లోపలికి దిగుతాయి.

చీటీ, ఇంటి కాగితం ఎక్కడ ఉన్నాయో అక్కడికి అందరూ వెళ్ళగలరా అన్నది కూడా చూడండి. గుడి మేడమీదో, ఒక పెద్దింటి లోపలో నోడు పెడితే, ఊళ్ళో కొన్ని వాడలవాళ్ళు అక్కడికి వెళ్ళలేని పరిస్థితి ఇంకా ఉంది. మొహమాటపడి దాటేయాల్సిన విషయం కాదిది. వీలైతే నోడు బడి మీదో పంచాయతీ ఆఫీసు మీదో పెట్టండి. కాకపోతే చీటీకి నకలు ఒకటి అందరూ వెళ్ళే చోట ఉంచి, ‘తాళం ఎవరి దగ్గర ఉంది, ఏ వేళల్లో దొరుకుతారు’ అని దానిమీద రాయండి. ప్రతి వాడలోనూ కనీసం ఇద్దరు మేడ ఎక్కి బాగుచేయగలిగేలా కూర్పులకి పిలవండి.

6. ఫొటో, గొంతు, వీడియో

ఫొటోలో వస్తువు ఒక్కటే కాకుండా చెయ్యి కూడా ఉండాలి, ఏది ఎలా పట్టుకోవాలో తెలుస్తుంది. ఆ చేతులు ఒక్క కుర్రాళ్ళవే కాకుండా చూసుకోండి. గాజుల చెయ్యి క్రింపింగ్ టూలు పట్టుకున్న ఫొటో చూస్తే ఈ పని తనదీ అని ఇంకొకామెకి తోస్తుంది. ముఖాలు పడితే అడిగి తీసుకోండి. ఇంటి లోపలి దృశ్యం, ఫోన్ నంబర్లు, వైఫై పాస్‌వర్డు రాసిన గోడ వెనకాల పడకుండా చూడండి.

చదవడం రానివారికి వాయిస్ నోటు బాగా పనిచేస్తుంది. ఒక నోటులో ఒకే పని చెప్పండి, నిమిషంన్నర మించొద్దు. ఊరి యాసలోనే చెప్పండి. శ్రీకాకుళంలో చెప్పేది శ్రీకాకుళంలా, పాలమూరులో చెప్పేది పాలమూరులా ఉండాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టి వదిలేస్తే నెల తిరిగేసరికి దొరకదు. ఫైలు పేరులో నోడు, పని, తేదీ పెట్టి ఒకచోట దాచండి.

చూపు లేనివాళ్ళు తెరమీది రాతని పైకి చదివే సాఫ్ట్‌వేర్‌తో (ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ) తెలుగు వినగలరు. అయితే రాత యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే అక్షరాల్లో, ఉండాలి. డీటీపీ సెంటర్‌లో పుస్తకం కూర్పించేటప్పుడు పాత అను ఫాంట్లలో కొట్టేస్తే కాగితం మీద అందంగానే ఉంటుంది. ఫైలుని మాత్రం ఏ యంత్రమూ తెలుగుగా చదవలేదు, మీరూ అందులో ఒక మాట వెతకలేరు. ముందే చెప్పి యూనికోడ్‌లో కొట్టించుకోండి, ఫైలు కూడా తీసుకోండి. కమాండ్లని స్క్రీన్‌షాట్‌గా కాకుండా అక్షరాలుగా ఇవ్వండి. ప్రతి ఫొటో కింద అందులో ఏముందో ఒక వాక్యం రాయండి.

7. నెట్ లేనప్పుడూ దొరకాలి

నెట్ ఎలా బాగుచేయాలో చెప్పే పుస్తకం నెట్‌లోనే ఉంటే అవసరం పడ్డ రోజే దొరకదు. మూడు చోట్ల ఉంచండి: అచ్చు వేసిన కాపీ ఊళ్ళో రెండు చోట్ల, బాగుచేసేవాళ్ళ ఫోన్లలో ఫైలు, నెట్‌వర్కు లోపలే ఒక చిన్న సర్వర్‌లో ఇంకో కాపీ. బయటి కనెక్షన్ పోయినా నోడులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయి కాబట్టి లోపలి సర్వర్ తెరుచుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేయంత కంప్యూటర్, పాతదైనా సరే, ఒకటి చాలు. రౌటర్ మెమరీలోనే పెట్టాలని చూడకండి. చాలా రౌటర్లలో ఫర్మ్‌వేర్‌కే చోటు చాలక అవస్థపడతారు, ఫొటోలకి ఎక్కడుంటుంది? లిబ్రెమెష్ వాడుతుంటే, దిస్‌నోడ్ డాట్ ఇన్ఫో (thisnode.info) అని బ్రౌజర్‌లో కొడితే మీరు కలిసి ఉన్న నోడు పేజీ వస్తుంది. ఆ ఒక్క ముక్క ఇంటి కాగితంలో చేర్చండి.

స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో మొదలైన గీఫీ డాట్ నెట్ అనే జనం నెట్‌వర్కు ఇందులో మంచి పాఠం. అక్కడ వెబ్‌సైటులో ప్రతి నోడుకీ దాని సొంత పేజీ ఉంటుంది. పరికరం వివరాలు అక్కడ నింపితే, రౌటర్‌లో ఎక్కించాల్సిన సెట్టింగులు ఆ పేజీ నుంచే తయారై వచ్చే సదుపాయం పెట్టుకున్నారు. అంటే రాత సరిగా లేకపోతే నోడే నడవదు. మీ దగ్గర అంత ఏర్పాటు లేకపోయినా ఒక నియమం పెట్టుకోవచ్చు: పుస్తకంలో పేజీ రాయకముందు ఏ రౌటరూ మేడ ఎక్కదు.

8. నోరు మెదపకుండా పరీక్షించండి

రాసింది పూర్తయ్యాక, ఆ కూర్పులో లేని ఒకరికి కాగితం, సామాను ఇచ్చి చేయమనండి. రాసినవాళ్ళు పక్కనే కూర్చుని ఒక్క మాటా మాట్లాడకూడదు, సైగ కూడా చేయకూడదు. వాళ్ళు ఎక్కడ ఆగారు, ఏ వాక్యం రెండుసార్లు చదివారు, ఎక్కడ తప్పు బటన్ నొక్కారు అన్నవి రాసుకోండి. ముగ్గురితో చేయించండి. అందులో ఒకరు అరవై దాటినవారు, ఒకరు చదువు అంతగా లేనివారు అయితే మేలు. ముగ్గురూ ఒకేచోట ఆగితే తప్పు కాగితానిదే. ఒక్కరే ఆగినా అక్కడ ఒక వాక్యం కలపడం వల్ల నష్టమేమీ లేదు.

9. చెడిపోయినప్పుడు రాసే నోటుబుక్కు

పుస్తకం ఒకసారి రాసి మూసేస్తే ఆరు నెలల్లో పాతబడుతుంది. దాన్ని బతికించేది రిపేరు నోటుబుక్కే. ఒక పొడుగు నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయండి: తేదీ, ఏం కనిపించింది, ఏం చేశాం, ఏమైంది. ఒక నమూనా: ‘14 ఆగస్టు. వాన తర్వాత చెరువుగట్టు నోడు సిగ్నల్ మైనస్ 63 నుంచి 78కి పడింది. మధ్యలో వేపకొమ్మ పెరిగి అడ్డొచ్చింది, ఆకులు తడిసి ఉన్నాయి. కొమ్మ కొట్టాం. మైనస్ 64.’ ఇలాంటివి నాలుగు పడ్డాక పుస్తకంలో ఒక కొత్త మెట్టు దానంతట అదే పుడుతుంది: కిలోమీటర్ దూరం లింకుకి, 5.8 గిగాహెర్ట్జ్‌లో, సరిగ్గా మధ్యలో చూపు గీతకి చుట్టూ రెండు మీటర్లకి పైగా ఖాళీ ఉండాలి, ఎదురు నోడు కంటికి కనిపిస్తే చాలదు, వానాకాలం ముందు కొమ్మలు చూసుకోవాలి.

ఎవరి వల్ల చెడిపోయిందో రాయకండి. ‘పిన్ను గుచ్చడంతో సెట్టింగులు పోయాయి’ అంటే సరిపోతుంది. పేరు రాసిన మర్నాటి నుంచి జనం చెప్పడం మానేస్తారు, నోటుబుక్కు అబద్ధమైపోతుంది. నెలకోసారి ఇరవై నిమిషాలు కూర్చుని ఆ నెల రాతలు పైకి చదవండి. పుస్తకంలో ఏ పేజీ మార్చాలో అప్పుడే తేల్చి, మార్చినచోట తేదీ వేయండి.

గిట్‌లో (ఫైళ్ళలో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో దాచే సాఫ్ట్‌వేర్) పెట్టాలా అని అడిగేవాళ్ళుంటారు. పెట్టుకోండి, మార్పుల చరిత్ర భద్రంగా ఉంటుంది. కానీ గిట్ వస్తేనే రాయగలరు అనే పరిస్థితి తేకండి. నోటుబుక్కు, వాయిస్ నోటు, ఫొటో ఏ రూపంలో వచ్చినా తీసుకుని, ఒకరు నెలకోసారి గిట్‌లోకి ఎక్కిస్తే చాలు. పుస్తకం మొదటి పేజీలో టైపు చేసినవాళ్ళ పేర్లే కాకుండా, చెప్పినవాళ్ళ, పరీక్షలో కూర్చున్నవాళ్ళ పేర్లు కూడా, వాళ్ళు ఒప్పుకుంటే, వేయండి. క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ లైసెన్సు (మీ పేరు చెప్పి, ఇదే లైసెన్సుతో ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి) పెడితే పక్క ఊరివాళ్ళు తీసుకుని తమ యాసలోకి మార్చుకోవచ్చు, వాళ్ళు చేసిన మార్పులు మీరూ తెచ్చుకోవచ్చు.

అచ్చు కాపీలో ప్రతి పేజీకీ కుడివైపు మూడు వేళ్ళ ఖాళీ వదలండి. పుస్తకానికి దారం కట్టి ఒక పెన్ను వేలాడదీయండి.